ఎమ్యులేటర్‌లో స్క్రీన్‌షాట్ ఎలా తీయాలి? స్టోర్ తిప్పి పంపకుండా ఉండాలంటే ఏం చూసుకోవాలి?

“అన్నా, యాప్ అయిపోయింది. ప్లే స్టోర్‌ల పెడదామంటే ఫొటోలు తీసుకుంటలేదు.”

నల్గొండలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం పిల్లల దగ్గర్నుంచి, పాలమూరులో ఇంట్లో కూర్చుని చిన్న చిన్న యాప్‌లు చేసిచ్చే తమ్ముళ్ల దాకా నన్ను అడిగే మాట ఇదే. ఏం పెట్టావో చూపించమంటే ల్యాప్‌టాప్ తెర మొత్తం ప్రింట్ స్క్రీన్ కొట్టి, పెయింట్‌లో చుట్టూ కత్తిరించిన బొమ్మ పంపుతారు. అందులో ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోను) కిటికీ అంచు ఉంటుంది, గడియారం రాత్రి రెండు గంటలు చూపిస్తుంటుంది, బ్యాటరీ పక్కన ఏవో నాలుగు గుర్తులుంటాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ అలసిపోయి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ప్రింట్ స్క్రీన్ ఎందుకు పనికిరాదో లెక్క చూస్తే తెలుస్తుంది. మనలో చాలామంది ల్యాప్‌టాప్ తెర 1366×768, అంటే నిలువునా 768 చుక్కలు (పిక్సెళ్లు). ఎమ్యులేటర్‌లోని ఫోను నిలువునా 1920 చుక్కలు. ఆ ఫోనును కుదించి మీ తెరలో ఇమిడేలా చూపిస్తున్నారంతే. కుదించిన బొమ్మను ఫొటో తీసి మళ్లీ సాగదీస్తే అక్షరాలు మసకబారతాయి. తెలుగు అక్షరాలైతే ఇంకా ఘోరం, వొత్తు ఏదో గుడి ఏదో తెలియదు. అందుకే బొమ్మను ల్యాప్‌టాప్‌ను కాదు, ఎమ్యులేటర్‌నే అడగాలి. కిటికీ ఎంత చిన్నగా కనిపించినా అది తన లోపలి అసలు కొలతలోనే ఇస్తుంది.

కావలసినవి

- ఆండ్రాయిడ్ స్టూడియో, అందులో ఒక వర్చువల్ డివైస్, అంటే ఎమ్యులేటర్‌లో నడిచే ఫోను. 8 జీబీ ర్యామ్ ఉంటే నెట్టుకురావచ్చు, క్రోమ్ మాత్రం మూసేయండి.
- ఏడీబీ, అంటే ల్యాప్‌టాప్ నుంచి ఫోనుకు కమాండ్లు పంపే పనిముట్టు. ఇది స్టూడియోతోపాటే వస్తుంది, వేరే చోట వెతకొద్దు.
- ఐఫోన్ యాప్ అయితే మ్యాక్, ఎక్స్‌కోడ్. ఐఓఎస్ సిమ్యులేటర్ (ఐఫోన్‌కు ఎమ్యులేటర్ లాంటిది) విండోస్‌లో నడవదు. మ్యాక్ లేకపోతే హైదరాబాద్‌లో ఉన్న దోస్తును పట్టుకోండి, లేదా గంటల లెక్కన అద్దెకిచ్చే ఆన్‌లైన్ మ్యాక్ తీసుకోండి.
- తీసిన బొమ్మలకు ఒక ఖాళీ ఫోల్డర్.

ఒక మాట. కమాండ్లను పలికినట్టే తెలుగులో రాశాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఖాళీలు, గీతలు నేను పెట్టిన చోటే ఉండాలి.

1. ముందు ఫోను కొలత సరిచూసుకోండి

అందరూ దాటేసే మెట్టు ఇది, బొమ్మలు తిరిగొచ్చేదీ ఎక్కువగా ఇక్కడే. ప్లే స్టోర్‌కు ఫోను స్క్రీన్‌షాట్లు కనీసం 2, గరిష్ఠంగా 8. ఒక్కో వైపు 320 నుంచి 3840 చుక్కల మధ్య ఉండాలి. పొడవు వెడల్పుకు రెండింతలు మించకూడదు. ఇప్పుడొచ్చే ఫోన్లన్నీ బెండకాయల్లా సన్నగా పొడుగ్గా ఉన్నాయి. గూగుల్ ఫోను పిక్సెల్ 6 తీసుకుంటే 1080×2400, అంటే రెండింతల కన్నా ఎక్కువే. బొమ్మ ఎంత బాగున్నా కొలత దగ్గర దొరికిపోతారు.

అందుకే డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి కొత్త వర్చువల్ డివైస్ చేసుకునేటప్పుడు పిక్సెల్ 2 ఎంచుకోండి. దాని తెర 1080×1920, సరిగ్గా 9:16. పాత ఫోను కదా అని చిన్నచూపు వద్దు. అందులో కొత్త ఆండ్రాయిడ్ వేసుకోవచ్చు, బొమ్మ చూసినవాళ్లకు ఏ ఫోనో తెలియదు. స్టోర్ మీ యాప్‌ను ముందుకు తెచ్చి చూపించాలన్న ఆశ ఉంటే కనీసం 4 బొమ్మలు, ఒక్కో వైపు 1080కి తగ్గకుండా పెట్టండి.

కొత్తది చేసేంత జాగా డిస్క్‌లో లేదా? ఉన్న ఎమ్యులేటర్‌నే కుదించండి (కమాండ్ ఎక్కడ కొట్టాలో 5వ మెట్టులో చెప్పాను):

ఏడీబీ షెల్ డబ్ల్యూఎం సైజ్ 1080×1920

మధ్యలో ఉన్నది గుణకారం గుర్తు కాదు, ఎక్స్ అక్షరం. పని అయ్యాక అంకెల చోట “రీసెట్” అని కొడితే పాత కొలత వస్తుంది. ఇది మరిచిపోయి మర్నాడు “నా యాప్ డిజైన్ మొత్తం చెడిపోయింది” అని ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు.

ఇప్పటికే 1080×2400లో తీసేసి ఉంటే కింద కత్తిరించకండి, బటన్లు పోతాయి. 1350×2400 కొలతతో ఒక రంగు పలక చేసి దాని మధ్యలో బొమ్మను పెట్టండి. రెండు పక్కలా 135 చుక్కల అంచు మిగులుతుంది, లెక్క 9:16కి సరిపోతుంది.

2. తెర మీద ఏం కనిపించాలో సర్దండి

ఫొటో తీయడం ఒక్క క్షణం పని. అసలు పనంతా దాని ముందే.

యాప్‌లో “టెస్ట్1”, “ఏబీసీడీ” లాంటివి ఉంటే తీసేయండి. బత్తాయి ధరల యాప్ అయితే నల్గొండ, దేవరకొండ, హాలియా అని ఊళ్లు కనిపించాలి. పల్లికాయ ధరలైతే బాదేపల్లి యార్డు పేరుండాలి. అంకెలు కూడా నమ్మేలా ఉండాలి. బత్తాయి టన్ను 12 రూపాయలు అని పెడితే రైతు నవ్వి పక్కకు జరుపుతాడు.

అసలు మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం పెట్టొద్దు. ఇది నేను చేసిన తప్పే. మిర్యాలగూడ వైపు ఒక ధాన్యం వ్యాపారికి యాప్ చేసిచ్చి, ఆయన ఖాతా పుస్తకంలోని వివరాలతోనే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టేశాను. వారం తర్వాత ఆయన ఫోన్ చేసి, “మా రైతు నంబరు లోకమంతా చూస్తుంది కదా తమ్మీ” అన్నాడు. ఆయన గొంతు పెంచలేదు, అందుకే నాకు ఇంకా సిగ్గేసింది. అప్పట్నుంచి ఊహించిన పేర్లు, నంబరు ఉండాల్సిన చోట సున్నాలు మాత్రమే పెడుతున్నాను.

ఫ్లట్టర్‌లో చేసినవాళ్లకు ఇంకొకటి. కుడివైపు పై మూలన డీబగ్ అనే ఎర్ర పట్టీ ఉంటుంది. మెటీరియల్ యాప్‌లో డీబగ్ షో చెక్డ్ మోడ్ బ్యానర్ అనేదాన్ని ఫాల్స్ చేయండి. ఆ పట్టీతోనే స్టోర్‌లోకి ఎక్కిన యాప్‌లు నేను చూశాను. మన యాప్ సగమే అయిందని మనమే చాటింపు వేసుకున్నట్టుంటుంది.

కీబోర్డు తెరిచి ఉంటే మూసేయండి. లోడింగ్ చక్రం తిరుగుతుంటే ఆగేదాకా ఆగండి.

3. పై పట్టీ శుభ్రం చేయండి

గడియారం, బ్యాటరీ, సిగ్నల్ ఉండే పట్టీ అన్ని బొమ్మల్లోనూ ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో 2:13, ఇంకోదాంట్లో 2:41 ఉంటే చూసేవాళ్ల కన్ను అక్కడికే పోతుంది. ఇందుకోసం ఆండ్రాయిడ్ 6 నుంచీ డెమో మోడ్ ఉంది.

సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ (కొన్నిట్లో అబౌట్ ఎమ్యులేటెడ్ డివైస్) కింద బిల్డ్ నంబర్‌ను ఏడుసార్లు నొక్కండి. డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో సిస్టమ్ యూఐ డెమో మోడ్ వెతికి, మొదట ఎనేబుల్, తర్వాత షో అనే రెండు మీటలూ వేయండి. మొదటిది ఒక్కటే వేసి “ఏం మారలేదన్నా” అంటారు చాలామంది. మొదటిది అనుమతి మాత్రమే, రెండోది వేస్తేనే పట్టీ మారుతుంది. గడియారం ఒకే సమయం దగ్గర ఆగిపోతుంది, నోటిఫికేషన్ గుర్తులు పోతాయి.

4. బటన్ నొక్కి తీయండి

నాలుగైదు బొమ్మలే కావాలంటే ఇది చాలు. ఎమ్యులేటర్ పక్కనున్న పట్టీలో కెమెరా గుర్తు నొక్కండి. ఎమ్యులేటర్ వేరే కిటికీలో నడుస్తుంటే విండోస్‌లో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కినా తీస్తుంది. మ్యాక్‌లో కమాండ్, ఎస్. ఫైలు మామూలుగా డెస్క్‌టాప్ మీద పడుతుంది. వేరే ఫోల్డర్ కావాలంటే మూడు చుక్కల గుర్తు నొక్కి సెట్టింగ్స్‌లో మార్చుకోండి.

ఆండ్రాయిడ్ స్టూడియో లోపలి నుంచి తీస్తే, బొమ్మ చుట్టూ ఫోను చట్రం పెట్టే ఎంపిక కూడా కనిపిస్తుంది. వాట్సాప్‌లో క్లయింటుకు చూపించడానికి బాగుంటుంది. స్టోర్‌కు పెట్టేటప్పుడు వద్దు. చట్రం చుట్టూ పారదర్శకమైన జాగా వస్తుంది, కొలత కూడా మారుతుంది.

5. కమాండ్‌తో తీయండి

యాప్ మారినప్పుడల్లా పది బొమ్మలు మళ్లీ తీయాల్సిన వాళ్లకు ఇదే దారి. ముందుగా ఫోను కనబడుతుందో లేదో చూడండి:

ఏడీబీ డివైసెస్

జాబితాలో ఎమ్యులేటర్-5554 అని, పక్కన డివైస్ అని రావాలి. రెండో ఎమ్యులేటర్ తెరిస్తే దానికి 5556 వస్తుంది. ఏడీబీ అంటే ఏంటో తెలియదని కంప్యూటర్ అంటే భయపడకండి, అది ఎక్కడుందో దానికి తెలియదంతే. సీ డ్రైవ్‌లో యూజర్స్, మీ పేరు, యాప్‌డేటా, లోకల్, ఆండ్రాయిడ్, ఎస్‌డీకే, ప్లాట్‌ఫామ్-టూల్స్ వరుసగా తెరవండి. యాప్‌డేటా దాగి ఉంటుంది, దాచిన ఫైళ్లు చూపించే మీట వేసుకోవాలి. ఆ ఫోల్డర్ చేరాక పైన చిరునామా గడిలో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. అక్కడే నల్ల కిటికీ తెరుచుకుంటుంది.

ఇప్పుడు బొమ్మ:

ఏడీబీ ఎగ్జెక్-అవుట్ స్క్రీన్‌క్యాప్ -పీ > ధర1.పీఎన్‌జీ

ఫైలు పేరు కూడా ఇంగ్లీషులోనే పెట్టండి. తెలుగు పేర్లతో కొన్ని పనిముట్లు తికమక పడతాయి.

ఇక్కడ పెద్ద గుంత ఒకటుంది. నీలం కిటికీతో వచ్చే పాత పవర్‌షెల్‌లో ఇదే కమాండ్ కొడితే ఫైలు తయారవుతుంది, తెరుచుకోదు. బాణం గుర్తు ద్వారా వెళ్లే బొమ్మను పవర్‌షెల్ అక్షరాలనుకుని మార్చి రాస్తుంది. సైజు దాదాపు రెండింతలవుతుంది, బొమ్మ చచ్చిపోతుంది. మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో కొట్టండి. అది కుదరకపోతే రెండు అంచెల్లో తెచ్చుకోండి:

ఏడీబీ షెల్ స్క్రీన్‌క్యాప్ -పీ /ఎస్‌డీకార్డ్/ధర1.పీఎన్‌జీ

ఏడీబీ పుల్ /ఎస్‌డీకార్డ్/ధర1.పీఎన్‌జీ

మొదటిది ఫోను లోపల దాస్తుంది, రెండోది బయటికి లాగుతుంది. ఎక్కడైనా పనిచేస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు నేను ఇదే చెబుతాను.

చార్జింగ్ కోసం మీ సొంత ఫోను కూడా ల్యాప్‌టాప్‌కు తగిలించి ఉంటే ఒకటి కన్నా ఎక్కువ డివైసులున్నాయని ఏడీబీ మొండికేస్తుంది. ఏడీబీ తర్వాత -ఈ చేర్చండి, ఎమ్యులేటర్‌నే చూస్తుంది. రెండు ఎమ్యులేటర్లుంటే -ఎస్ పెట్టి ఎమ్యులేటర్-5554 అని పేరు చెప్పాలి.

చీకటి రంగుల తెర కూడా కావాలంటే ఆండ్రాయిడ్ 10 నుంచి ఇది నడుస్తుంది:

ఏడీబీ షెల్ సీఎండీ యూఐమోడ్ నైట్ యెస్

చివర నో అంటే వెలుతురు తిరిగొస్తుంది.

6. ఐఫోన్ సిమ్యులేటర్ అయితే

ఇక్కడ పని తేలిక, కొలతల పట్టింపు ఎక్కువ. యాపిల్ 1 నుంచి 10 బొమ్మల దాకా తీసుకుంటుంది. ఐఫోన్ 16 ప్రో మ్యాక్స్ సిమ్యులేటర్ తెరిచి అందులో తీస్తే 1320×2868 వస్తుంది, అది 6.9 అంగుళాల గడిలో సరిగ్గా కూర్చుంటుంది. చిన్న ఐఫోన్లకు ఆ బొమ్మనే కుదించి వాడుకుంటారు, విడిగా తీయక్కర్లేదు.

పై పట్టీ సర్దడానికి:

ఎక్స్‌సీరన్ సిమ్‌సీటీఎల్ స్టేటస్_బార్ బూటెడ్ ఓవర్‌రైడ్ --టైమ్ 9:41

యాపిల్ ప్రకటనల్లోని ఐఫోన్లలో మామూలుగా 9:41 ఉంటుంది కాబట్టి అదే పెట్టేశాను. మీకు బస్సు టైమ్ నచ్చితే అదే పెట్టుకోండి. పని అయ్యాక ఓవర్‌రైడ్ నుంచి చివరిదాకా తీసేసి క్లియర్ అని కొట్టాలి.

బొమ్మకు కమాండ్, ఎస్ నొక్కితే డెస్క్‌టాప్ మీద పడుతుంది. టెర్మినల్‌లో అయితే:

ఎక్స్‌సీరన్ సిమ్‌సీటీఎల్ ఐఓ బూటెడ్ స్క్రీన్‌షాట్ --మాస్క్=ఇగ్నోర్డ్ ధర1.పీఎన్‌జీ

మాస్క్ మాట ఎందుకంటే, దాంతో మూలలు గుండ్రంగా కాకుండా చతురస్రంగా వస్తాయి. పారదర్శకత ఉన్న బొమ్మలను యాప్ స్టోర్ నిర్మొహమాటంగా తిప్పి పంపుతుంది. రెండు మూడు సిమ్యులేటర్లు ఒకేసారి తెరిచి పెట్టకండి. బూటెడ్ అంటే వాటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుంటుంది, మీరు అనుకున్నది కాకపోవచ్చు.

7. తీశాక చూడాల్సినవి

ఫైలు మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడండి. రెండు అంకెలు ముఖ్యం. కొలత 1080×1920 ఉందా? బిట్ డెప్త్ 24 ఉందా? 32 ఉంటే పారదర్శక పొర ఉన్నట్టు. ప్లే స్టోర్ అడిగేది జేపెగ్ గానీ, ఆ పొర లేని 24 బిట్ పీఎన్‌జీ గానీ. పెయింట్‌లో తెరిచి జేపెగ్‌గా భద్రపరిస్తే ఆ పొర పోతుంది. మ్యాక్‌లో ప్రివ్యూ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఆల్ఫా దగ్గర టిక్ తీసేయండి. ఒక్కో ఫైలు 8 ఎంబీ దాటొద్దు, మామూలుగా దాటదు కూడా.

తర్వాత బొమ్మను నూరు శాతం సైజులో తెరిచి తెలుగును చదవండి. చూడటం కాదు, చదవాలి. “రాష్ట్రం”, “లక్ష్మి”, “వస్త్రం” లాంటి మాటల్లో కింది వొత్తులు గీతకు తగిలి తెగుతున్నాయా? పైన గుడి దీర్ఘం కోసుకుపోతోందా? ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన వరుస ఎత్తు మనకు చాలదు, కొంచెం పెంచాలి. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే మీరు యాప్‌లో పెట్టిన ఫాంటులో తెలుగు లేదన్నమాట. ఇవి స్క్రీన్‌షాట్ తప్పులు కావు, యాప్ తప్పులు. ఫొటో తీసే వేళకు బయటపడ్డాయి కాబట్టి ముందు వాటినే దిద్దండి. మా దగ్గర నేర్చుకునే ఒక చెల్లె గద్వాల చీరల యాప్‌లో “వస్త్రం” కింద ఉండాల్సిన వొత్తు మొత్తం మాయమైంది. బొమ్మను పెద్దది చేసి చదివేదాకా ఇద్దరికీ తెలియలేదు.

చివరగా బొమ్మను మీ ఫోనుకు పంపుకుని ఇంట్లో ఎవరికైనా చూపించండి. ఇది దేని యాప్ అని అడగండి. అమ్మ చెప్పగలిగితే ఆ బొమ్మ వరుసలో మొదటిది. చెప్పలేకపోతే ఎన్ని చుక్కలున్నా లాభం లేదు.

బొమ్మ మీద ప్రచారం మాటలు రాయాలనిపిస్తే కాస్త తగ్గండి. “నంబర్ 1 యాప్”, “ఇప్పుడే ఇన్‌స్టాల్ చేయండి” లాంటివి ప్లే స్టోర్ వద్దంటుంది. “ఈ రోజు బత్తాయి ధర” అని ఒక్క ముక్క రాస్తే చాలు.

బొమ్మ నల్లగా వస్తే

దీని గురించే ఎక్కువ ప్రశ్నలు, కారణాలు మాత్రం రెండే.

యాప్‌లో ఒక్క పేజీ మాత్రమే నల్లగా వచ్చి మిగతావి బాగుంటే, ఆ పేజీకి ఫ్లాగ్ సెక్యూర్ (తెర ఫొటో తీయనివ్వని తాళం) పెట్టి ఉంది. పాస్‌వర్డు, చెల్లింపు పేజీలకు కావాలనే పెడతారు. యాప్ మీదే అయితే ఫొటోల కోసం చేసే బిల్డ్‌లో మాత్రం దాన్ని తీసేయండి, స్టోర్‌కు పంపే బిల్డ్‌లో అలాగే ఉంచండి. అసలు ఆ పేజీ బొమ్మ పెట్టకపోతేనే మేలని నా అభిప్రాయం.

ఎక్కడ తీసినా నల్లగానే వస్తుంటే గొడవ గ్రాఫిక్స్‌ది. డివైస్ మేనేజర్‌లో ఆ ఫోను సెట్టింగ్స్ తెరిచి, గ్రాఫిక్స్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఎంచుకుని, కోల్డ్ బూట్ చేయండి, అంటే ఆ ఫోనును మొదటి నుంచి మళ్లీ ఆన్ చేయడం. నెమ్మదిస్తుంది, పాత ల్యాప్‌టాప్ అయితే చాయ్ తాగి రావచ్చు. బొమ్మలు మాత్రం వస్తాయి. తీయడం అయ్యాక గ్రాఫిక్స్‌ను మళ్లీ ఆటోమేటిక్‌కు తిప్పండి. డెమో మోడ్ తీసేయండి. కొలత మార్చి ఉంటే రీసెట్ కొట్టండి.